షేరు వద్దన్నాడు

2022 వానాకాలం. హనుమకొండలో ఒక మందుల దుకాణం పక్క షట్టర్‌లో నా క్లినిక్ ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. ముందు గదిలో రెండు బెంచీలు, లోపల ఒక స్టీలు టేబుల్, టీకాలు దాచే ఫ్రిజ్. మాది రఘునాథపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. పశువైద్యం చదివేటప్పుడు బర్రెలకూ మేకలకూ వైద్యం చేస్తాననుకున్నాను గానీ, క్లినిక్ పెట్టాక నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా కుక్కలే.

ఈ పని తెలియనివాళ్ళు మేము కుక్కను టేబుల్ మీద పరీక్ష చేస్తామనుకుంటారు. నిజానికి సగం పరీక్ష బెంచీ దగ్గరే అయిపోతుంది. టేబుల్ ఎక్కిన కుక్క నాకు భయపడుతుంది. అప్పుడు అది ఏం చెప్పినా నా గురించే చెబుతుంది. బెంచీ దగ్గర, తనవాళ్ళ మధ్య ఉన్నప్పుడు ఇంటి సంగతి చెబుతుంది. అందుకే రెండు గదుల మధ్య తలుపు నేనెప్పుడూ వేయను.

ఆ రోజు చినుకులు పడుతున్నాయి. స్వరూప బెంచీ మీద కూర్చోలేదు. కింద తడి గచ్చు మీదే కూర్చుని, కుక్క మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, దాని తల మీద చెంప ఆనించి ఉంది. ముప్పై అయిదేళ్ళ లోపే ఉంటుంది. ఆమె తమ్ముడు నరేష్ గొలుసు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుక్క గోధుమ రంగు ఊరకుక్క. ఒక చెవి నిలబడి ఉంది, రెండోది మధ్యలో విరిగి ముందుకు వాలింది. పేరు షేరు. కుక్కను 'అది' అని రాయడమే నాకు అలవాటు. ఈ ఒక్క కేసులో మాత్రం స్వరూప అన్నట్టే 'వాడు' అని రాస్తాను.

ముందరి ఎడమకాలు మీద పుండు. వెంట్రుకలు పోయి, ఎర్రగా, రూపాయి బిళ్ళ కంటే పెద్దగా ఉంది. కానీ నేను చూస్తున్నది కాలును కాదు. షేరు నోరు బిగించి ఉన్నాడు. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంది. తల కదపకుండా కళ్ళు మాత్రం ఒక మూలకు తిప్పాడు. తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తోంది. దీన్ని మేము వేల్ ఐ, అంటే తిమింగలం కన్ను అంటాం. లేచి పోవాలని ఉండి, పోలేక ఆగిపోయిన కుక్క చూపు అది. వాడు రెండుసార్లు ఆవులించాడు. నిద్ర వచ్చి కాదు. ఇరుకున పడ్డ కుక్క అలా ఆవులిస్తుంది. తర్వాత నాలుక బయటికి తీసి గబగబా స్వరూప గడ్డం నాకాడు.

"చూడుండ్రి మేడం, ఎట్ల ముద్దు పెడ్తాండో" అంది ఆమె నా వైపు తిరిగి. ఆ ఒక్క క్షణం ఆమె ముఖంలో నవ్వు కనిపించింది.

అది ముద్దు కాదని నాకు తెలుసు. కుక్క నాకితే ప్రేమేనని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు ప్రేమే. కానీ ఒళ్ళు బిగించి, చెవులు వెనక్కి పెట్టి నాకితే దానికి అర్థం వేరు. 'నీకు కావలసింది ఇచ్చాను, ఇక వదులు' అని. మొదటి రోజే ఆ మాట అనలేదు. పుండుకు కారణాలు చాలా ఉంటాయి. గోమార్లు, అలర్జీ, ఎముక నొప్పి, ఫంగస్. ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టాలి. చర్మం గీకి స్లైడు చూశాను. రక్తపరీక్ష రాశాను. పూతమందు ఇచ్చి, ఈ-కాలర్ తొడిగాను. మెడ చుట్టూ గరాటులా ఉండే ప్లాస్టిక్ పట్టీ అది, పుండును నాకకుండా ఆపుతుంది.

తర్వాతి వారం వచ్చేసరికి పుండు ఇంకా పెద్దదయింది. పరీక్షల్లో ఏమీ లేదు. మెడకు కాలర్ కూడా లేదు.

"కాలర్ ఎందుకు తీసిండ్రమ్మా?" అని అడిగాను.

"అది ఉంటే వాని పక్కన పండుకోరాదు మేడం. మొఖానికి గీసుకపోతాంది."

"రోజూ పక్కనే పడుకుంటావా?"

జవాబు నరేష్ చెప్పాడు. "బావ పోయిన కాడికెంచి గంతే మేడం. దాన్ని పట్టుకోకుంటె అక్క నిద్ర పోదు."

ఆ రోజు వేరే కేసులు లేవు. నేను కూడా గచ్చు మీద కూర్చున్నాను. ఇంట్లో పొద్దున లేచిన దగ్గర నుంచి షేరు ఏం చేస్తాడో చెప్పమన్నాను. మా భాషలో దీన్ని హిస్టరీ తీసుకోవడం అంటాం. స్వరూప షేరు సంగతి మొదలుపెట్టి భర్త సంగతి చెప్పింది.

సురేందర్ కాజీపేటలో రైల్వే ట్రాక్ మీద పనిచేసేవాడు. యార్డులో పట్టాల పక్కన దొరికిన కుక్కపిల్లను అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. పిల్లలు కలగలేదు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక గడప ముందు మెట్టు మీద కూర్చునేవాడు. షేరు మూరెడు దూరంలో కూర్చునేవాడు. ఇద్దరూ వచ్చే పోయే జనాన్ని చూసేవాళ్ళు.

"ఆయన వాన్ని ఎత్తుకున్నది నేను చూడలే మేడం" అంది స్వరూప. "పక్కన కూసుంటె సాలు ఇద్దరికి. నేనే అనేదాన్ని, గింత పాషాణమేంది, జర నిమురరాదా అని. వానికి గది నచ్చదే అనేటోడు."

అంతకు ముందు చలికాలంలో హైదరాబాదు రోడ్డు మీద మోటర్‌సైకిల్‌కు లారీ తగిలి సురేందర్ చనిపోయాడు. బండి ఇంటికి రాలేదు, మనిషీ రాలేదు. కానీ వీధిలో ఏ బండి చప్పుడైనా షేరు లేచి తలుపు దగ్గరికి పరుగెత్తేవాడు. చప్పుడు ముందుకు వెళ్ళిపోయేదాకా నిలబడేవాడు.

"అట్ల నిలబడితె నాకు చూడబుద్ధి కాదు. లోపటికి గుంజుకొచ్చి పట్టుకుంట. ఇగ రాడురా అని చెప్పుకుంట ఏడుస్త. మొదట్ల మంచం కిందికి పోయేటోడు. అందుకే రాత్రి మంచం కోడుకు గొలుసుతోటి కడ్తాన."

"ఎప్పుడైనా గుర్రుమన్నాడా?"

"ఒక్కసారి అన్నది మేడం" అన్నాడు నరేష్. "అక్క మీదనే గుర్రుమంటదా అని చెప్పుతోటి నాలుగు పీకిన. మల్ల అనలే."

పుండు ఎందుకో అప్పటికి నాకు అర్థమైంది. మేము దాన్ని లిక్ గ్రాన్యులోమా అంటాం. దురద లేకపోయినా, బెంగతోనో భయంతోనో కుక్క ఒకే చోట నాకి నాకి పుండు చేసుకుంటుంది. మనుషులు గోళ్ళు కొరుక్కున్నట్టు. షేరు కూడా తన మనిషిని పోగొట్టుకున్నాడు. వాడికి తలుపు దగ్గర నిలబడటానికి వీల్లేదు, మంచం కింద దాక్కోవడానికి వీల్లేదు, గుర్రుమనడానికి వీల్లేదు. మిగిలింది తన కాలు ఒక్కటే.

ఇది చెప్పడం మందు రాసినంత తేలిక కాదు. నేను నెమ్మదిగా మొదలుపెట్టాను. కుక్కల్లో చాలావాటికి కౌగిలింత ఇష్టం ఉండదని, వాటి లోకంలో మెడ మీద చెయ్యి వేయడం అంటే అదిమిపట్టడమేనని చెప్పాను. ఆవులింత, చూపు, నాలుక, అన్నీ చూపించాను. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత అడిగింది.

"అంటే వానికి నేనంటే ఇష్టం లేదా మేడం?"

"ఇష్టం ఉంది. నువ్వు లేస్తే నీ వెంట లేస్తున్నాడు, నేను చూశాను. పట్టుకుంటేనే ఇబ్బంది."

"రెండూ ఒకటి కాదా?"

కాదని చూపించడానికి మేము చేసే చిన్న పరీక్ష ఒకటి ఉంది. కుక్క మీదకు వంగకుండా, పక్కకు తిరిగి కూర్చోవాలి. చెయ్యి కింద పెట్టాలి. అది వచ్చి వాసన చూస్తే ఛాతీ మీద కొద్దిగా నిమిరి ఆపేయాలి. ఇంకా కావాలంటే అదే ముందుకు వస్తుంది. వద్దంటే మొహం తిప్పుకుంటుంది, లేదా లేచి వెళ్తుంది. కుక్కను అడగడం అంటే ఇదే. స్వరూపను అలా కూర్చోమన్నాను. గొలుసు విప్పేశాను.

ఆమె చెయ్యి కింద పెట్టింది. షేరు ఆ చేతిని చూశాడు. ఒళ్ళంతా ఒకసారి దులుపుకున్నాడు, నీళ్ళలోంచి లేచినట్టు. తర్వాత నడుచుకుంటూ వెళ్ళి గది అవతలి మూలలో, షట్టర్ దగ్గర పడుకున్నాడు. కాలు నాకలేదు. తల కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

స్వరూప చెయ్యి అక్కడే ఉంది. ఆమె ఏడుస్తోందని కాసేపటికి గానీ నాకు తెలియలేదు.

వెళ్ళేటప్పుడు నరేష్ వెనక్కి వచ్చాడు. అతను వరంగల్‌లో పవర్‌లూమ్ మీద పనిచేసే మనిషి. మగ్గాల మోతలో బతకడం వల్ల మామూలుగా గట్టిగా మాట్లాడతాడు. అప్పుడు మాత్రం గొంతు తగ్గించాడు. "మేడం, మా అక్కకు ఉన్నదొక్కటే అది. దాన్ని గూడ ముట్టకు అంటే ఎట్ల బతుకుతది?"

నేను అతనికి ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాను. గుర్రుమంటే కొట్టవద్దని. కుక్క గుర్రుమనడం మనకిచ్చే నోటీసు. అది కొట్టి మాన్పిస్తే భయం పోదు, నోటీసు ఒక్కటే పోతుంది. తర్వాత కరవడమే మిగులుతుంది. అతను తల ఊపాడు.

స్వరూప మళ్ళీ రాదనుకున్నాను. వచ్చింది. చెప్పిన మాట వినే మనిషి ఆమె. రాత్రి గొలుసు కట్టడం మానేసింది. తలుపు దగ్గర గోనెసంచి పరిచింది. సంచి మీద ఉన్నంతసేపు వాణ్ణి ఎవరూ ముట్టకూడదని ఒప్పందం. బండి చప్పుడుకు వాడు నిలబడితే నిలబడనిచ్చేది. నెల గడిచేసరికి పుండు అంచులు ఎండసాగాయి. నేను ఆమెకు మందుల కంటే ఎక్కువగా ఇచ్చింది ఫోన్లో మాటలే. "ఇయ్యాల నా దిక్కు వీపు పెట్టి పండుకున్నడు మేడం, అలిగిండా?" అని అడిగేది. వీపు పెట్టి పడుకోవడం అంటే నీ మీద నమ్మకం అని చెప్పేదాన్ని.

నేను ఉండేది కాజీపేటలోనే. దసరా ముందు ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, దాని పక్కన కత్తిరించిన జాకెట్ ముక్కలు. బతుకమ్మ పండక్కి కుట్టాల్సినవి చాలా ఉన్నాయని చెబుతూనే ఆమె మిషను తొక్కుతోంది. షేరు సంచి మీద నుంచి లేచాడు. ఒళ్ళు విరుచుకుని, మెల్లగా వచ్చి, ఆమె పాదాన్ని వాసన చూశాడు. తర్వాత కింద పడుకుని గడ్డం ఆ పాదం మీద పెట్టాడు.

మిషను ఆగిపోయింది. కాలు కదిలిస్తే వాడు లేస్తాడని ఆమె తొక్కడం ఆపేసింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది, చిన్నపిల్లలు తమ చేతులను తామే ఆపుకున్నట్టు.

"మేడం, చూస్తాండ్రా" అంది గుసగుసగా.

"చూస్తున్నా."

వాడు కొద్దిసేపు ఉండి, లేచి సంచి దగ్గరికి పోయాడు. అప్పుడామె చేతులు బయటికి తీసింది. వేళ్ళు తిమ్మిరెక్కినట్టున్నాయి, నలుపుకుంది. నేను చాలా బాగా చేస్తున్నావని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మస్తు కష్టమైతాంది మేడం. వాడు అట్ల తల పెడితె నా పానం అంత చేతులల్లకు వస్తది."

"మీ అమ్మగారింటికి పోయి కొన్నాళ్ళు ఉండరాదా? మనుషులు ఉంటారు కదా."

"ఉంటరు. ఎవలు ముట్టుకుంటరు మేడం? మా పిన్ని బిడ్డ పెండ్లిల నన్ను లోపటి అర్రల కూసోమన్నరు. పొద్దుగాల నా మొఖం చూసుడు వద్దని పక్కింటామె తలుపు దగ్గరికేస్తది. ఆయన పోయిన నాడు పట్టుకొని ఏడ్సిండ్రు అందరు. ఆ దినాలు అయినంక ఒక్కలు నా చెయ్యి పట్టుకోలే."

టీ తాగి వచ్చేశాను. నాకు తెలిసిన ఒక కౌన్సెలర్ ఫోన్ నంబరు ఇచ్చాను. ఆమె ఒకసారి వెళ్ళింది. బస్సు దిగి అంత దూరం పోయి కొత్తవాళ్ళ ముందు కూర్చుని చెప్పడం తన వల్ల కాలేదంది.

చలికాలంలో సురేందర్ సంవత్సరీకం వచ్చింది. ఆ రోజు నేను అక్కడ లేను. జరిగింది మర్నాడు నరేష్ ఫోన్లో చెప్పాడు.

"మేడం, షేరు అక్కను కరిచింది. చెంప మీద. దవాఖాన్ల కుట్లేసిండ్రు."

షేరుకు టీకాలన్నీ నేనే వేశాను. అయినా ఆమెకు ఇంజెక్షన్ల కోర్సు తప్పకుండా పూర్తి చేయించమని చెప్పి, కుక్క ఎక్కడ ఉందని అడిగాను.

"మా చుట్టాలు సంపుతమన్నరు మేడం. కర్రలు తీసిండ్రు. సంపుడెందుకని నేనే దోస్తుగాని ట్రాలీ ఆటోల ఎక్కించుకొని పోయి ములుగు రోడ్డుకు ఇడిచిపెట్టొచ్చిన. అడివి కదా, ఎట్లనన్న బతుకుతదని."

అతను దయతోనే చేశాడు. అది నేను ఈరోజుకీ నమ్ముతాను.

వారం తర్వాత, దవాఖాన నుంచి స్వరూప నేరుగా క్లినిక్‌కు వచ్చింది. సగం ముఖానికి కట్టు. నోరు సరిగ్గా తెరవలేకపోయినా మాట్లాడింది. ఏం జరిగిందో ఆమే చెప్పింది. ఇంటి నిండా జనం. వంటలు, ఏడుపులు, భర్త గురించి మాటలు. షేరు పొద్దున్నే మంచం కిందికి పోయాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచారు. ఆమె ఒక్కతే గదిలో ఉంది. మంచం కిందికి చెయ్యి పెట్టింది.

"వాడు మొఖం తిప్పుకున్నడు మేడం. నాలిక తీసిండు. కండ్లల్ల తెల్లగుడ్డు కనపడ్డది. మీరు చెప్పినయన్ని చేసిండు. నాకు అన్ని కనపడ్డయి."

ఆమె కట్టు మీద చెయ్యి పెట్టుకుంది.

"కనపడ్డా గూడ గుంజిన. గుంజి గట్టిగ పట్టుకున్న. తప్పు వానిది కాదు. వాడు చెప్పిండు, నాకు సమజైంది. సమజైనంక గూడ పట్టుకున్న."

ఆమె వచ్చింది షేరును వెతకడానికి నా సాయం అడగడానికి.

వదిలిన చోటు నరేష్‌కే తెలుసు కాబట్టి అతను తెచ్చిన అదే ట్రాలీలో ముగ్గురం వెళ్ళాం. రోడ్డుకు రెండు వైపులా చెట్లు, అక్కడక్కడ ఒక గూడెం. ఆ చోటికి కొంచెం అవతల రోడ్డు పక్క తడికల హోటల్ ఒకటి ఉంది. ఒక పెద్దమ్మ చాయ్, మిర్చీలు అమ్ముతోంది. గోధుమరంగు కుక్క అని అడగ్గానే చెప్పింది.

"ఒక చెవు ఒరిగిన కుక్కనా? గీడనే తిరుగుతాంది బిడ్డా. మోటర్‌సైకిల్ వస్తె సాలు, రోడ్డు మీదికి ఉరుకుతది. బువ్వ పెడితె మనం దూరం జరిగినంకనే తింటది."

సాయంత్రం దాకా కూర్చున్నాం. ఎండ తగ్గాక చెట్లలోంచి వచ్చాడు. పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నాడు. స్వరూపను పేరు పెట్టి పిలవద్దన్నాను. ఆమె రోడ్డు దిగి, గడ్డిలో పక్కకు తిరిగి కూర్చుంది. చెయ్యి కింద పెట్టింది. వాడు ఆగి చూశాడు. తోక కిందనే ఉంది గానీ కొస కదిలింది. రెండడుగులు వేశాడు, ఆగాడు. మళ్ళీ వేశాడు. తర్వాత వాడి చూపు ఆమెను దాటి ట్రాలీ మీద పడింది. అంతే. వెనక్కి తిరిగి చెట్లలోకి వెళ్ళిపోయాడు. చీకటి పడేదాకా ఉన్నా మళ్ళీ రాలేదు.

"రేపు నా కారులో వద్దాం, దూరంగా ఆపి నడిచి వద్దాం" అన్నాను. స్వరూప సరేనంది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆమె ఆశగా మాట్లాడింది. తోక ఊపిండు కదా మేడం అని మళ్ళీ మళ్ళీ అడిగింది. హోటల్ పెద్దమ్మకు నా నంబరు ఇచ్చి వచ్చాం.

పొద్దున ఆ పెద్దమ్మ నుంచే ఫోన్. ఏదో బండి గుద్దిందని, ఇంకా పాణముందని.

ముగ్గురం నా కారులో చేరేసరికి హోటల్ వెనక నీడలో, ఒక సంచి మీద ఉన్నాడు. పెద్దమ్మ, ఇంకొకరూ కలిసి మోసి పడుకోబెట్టారట. నేను వెనక కాళ్ళ వేళ్ళ మధ్య గట్టిగా నొక్కాను. కాలు వెనక్కి లాక్కోలేదు, తల కూడా తిప్పలేదు. వెన్నెముక విరిగింది. కడుపులో రక్తం చేరుతోంది, చిగుళ్ళు తెల్లబడ్డాయి. వరంగల్ దాకా తీసుకుపోతే దారిలో నొప్పి తప్ప ఇంకేమీ ఇవ్వలేను. నొప్పి తగ్గే మందు ముందు ఇచ్చాను. తర్వాత స్వరూపతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. యుథనేషియా అంటే ఏమిటో చెప్పాను. ఇక బాగుచేయలేని జంతువును బాధ లేకుండా నిద్రలోకి పంపడం. అందరూ ఆ మాటకు ఏడుస్తారు, కొందరు నన్ను తిడతారు. ఆమె తల ఊపింది.

తర్వాత అడిగింది. "మేడం, ఇప్పుడన్న పట్టుకోవచ్చునా?"

నా వృత్తిలో నన్ను చాలామంది చాలా అడిగారు. ఈ ప్రశ్నకు అవునని చెప్పాలని నాకు ఎంతగా అనిపించిందో చెప్పలేను. వాడి ఊపిరి వేగంగా ఉంది, కానీ తెలివి ఉంది. కళ్ళు మమ్మల్ని చూస్తున్నాయి.

"వాడినే అడుగు స్వరూపా" అన్నాను.

ఆమె వాడి ముందు, కొంచెం పక్కగా కూర్చుంది. చెయ్యి సంచి అంచున, అరచెయ్యి పైకి పెట్టింది. షేరు ఆ చేతిని చూశాడు. ముక్కు ఒకసారి కదిలింది. తర్వాత మెల్లగా, ఉన్న బలమంతా పెట్టి, ముఖాన్ని రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

స్వరూప చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒడిలో పెట్టుకుని రెండో చేతితో దాన్ని పట్టుకుంది. "సరే కొడుకా" అంది.

నేను సూది వేశాను. ఊపిరి ఆగేదాకా ఆమె కదలలేదు. స్టెతస్కోప్ పెట్టి గుండె ఆగిందని నిర్ధారించుకుని, "అయిపోయింది. ఇప్పుడు పట్టుకోవచ్చు" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు అడిగితె వాడు వద్దన్లేడు కద మేడం."

నరేష్ పెద్దమ్మ దగ్గర పార తీసుకుని హోటల్ వెనక చెట్లలో గుంత తవ్వాడు. మధ్యమధ్య ఆగి భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. అక్కను చూడలేదు. సంచి నాలుగు మూలలూ పట్టి నేనూ అతనూ దింపాం. స్వరూప మట్టి వేసింది. వాడి మీద చెయ్యి వేయలేదు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు కుక్కకు వేరే గది ఎందుకు ఉండాలో, పిల్లలు దాని మీద ఎందుకు పడకూడదో, గుర్రుమంటే ఎందుకు సంతోషించాలో ఇప్పటికీ అందరికీ చెబుతూనే ఉన్నాను. చాలామంది వింటారు, కుక్కలు బాగుపడతాయి. స్వరూప కూడా విన్నది. నేను చూసినవాళ్ళలో అందరికంటే శ్రద్ధగా విన్నది ఆమే. కుక్క భాష తెలియక కరిపించుకున్నవాళ్ళను చూస్తే నాకు ఏం చేయాలో తెలుసు. తెలిసి కూడా చేతులు ఆపుకోలేని మనిషికి ఏం చెప్పాలో ఆ కేసుకు ముందు తెలియదు, ఆ తర్వాత కూడా తెలియలేదు. ఒక్క మార్పు వచ్చింది. పుండు నాకే కుక్క వస్తే, ఇంట్లో ఎవరైనా పోయారా అని ఇప్పుడు మొదటి రోజే అడుగుతాను. అడిగి, జవాబు విని, చాలాసార్లు ఊరికే కూర్చుంటాను.

స్వరూప ఇంకా కాజీపేటలోనే ఉంది. చెంప మీద కుట్ల గీత తెల్లబడింది. పోయిన ఎండాకాలంలో ఎవరో నా క్లినిక్ ముందు ఒక కుక్కపిల్లను వదిలి వెళ్ళారు. ఎత్తుకుంటే చంకలో ఒదిగి నిద్రపోయే రకం, మనిషి ఒళ్ళు వదలని పిల్ల. అలాంటివీ ఉంటాయి. నేను ఆమెకు ఫోన్ చేసి, తీసుకుంటావా, ఇది పట్టుకోనిస్తుంది అన్నాను.

ఫోన్లో మిషను చప్పుడు ఆగింది.

"వద్దు మేడం" అంది. "ఇయ్యాల పట్టుకోనిస్తది. ఒకనాడు వద్దంటది. ఆనాడు నేను ఇడిచిపెడ్తనని నాకు నమ్మకం లేదు."

కుక్కపిల్లను వేరే ఇంటికి ఇచ్చాను.